తాతయ్య ట్రంకుపెట్టె తెరిచేముందు: యుద్ధం మాట ఎత్తని మనిషి దగ్గర మనవడు ఎలా కూర్చోవాలి

1971 యుద్ధంలో అందరికంటే చిన్న సిపాయికి కూడా ఇప్పుడు 70 దాటింది. 1965 నాటివాళ్లు 80కి అటూ ఇటూ ఉన్నారు. శాంతిసేనలో శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లు (1987–90), కార్గిల్ చూసినవాళ్లు (1999) కూడా తాతలయ్యారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలటరీ మాధవరం అనే పేరే ఉంది. ఇలాంటి ఊళ్లలో పింఛను గురించీ క్యాంటీన్ సరుకుల గురించీ అరుగు మీద ఎంతైనా మాట్లాడతారు. యుద్ధం సంగతి అడిగితే మాత్రం "ఏముందిరా, వెళ్లాం, వచ్చాం" అని తేల్చేస్తారు.

కొడుక్కి చెప్పనిది మనవడికి చెప్పడం చాలా ఇళ్లలో జరిగేదే. కొడుకు ముందు తండ్రి హోదా అడ్డొస్తుంది, మనవడి దగ్గర ఆ బరువుండదు. అయితే మనవడు ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుని "నీ యుద్ధం కథ చెప్పు తాతా" అంటే పని మొదట్లోనే చెడుతుంది.

రహస్యం ఏ రకందో ముందు తేల్చుకోండి

ఇంట్లోవాళ్లు "తాతయ్య ఏదో దాస్తున్నాడు" అనేదాంట్లో మూడు వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి.

ఒకటి ప్రభుత్వ రహస్యం. అధికార రహస్యాల చట్టం (1923) రిటైరైనవాళ్లకూ వర్తిస్తుంది. సంకేతాలు, పరికరాల సామర్థ్యం, సమాచారం తెచ్చిచ్చిన మనుషుల పేర్లు, ఇప్పటికీ వాడుకలో ఉన్న సరిహద్దు దారులు, స్థావరాల లోపలి ఏర్పాట్లు తాతయ్య చెప్పబోయినా రికార్డు చేయకండి. ఆయన గూఢచారి సంస్థలో పనిచేసి ఉంటే ఆ ఉద్యోగం ఊసే వద్దు, చిన్నప్పటి సంగతులు చాలు.

రెండోది ఒకప్పుడు రహస్యమై ఇప్పుడు అందరికీ తెలిసిపోయినది. విశాఖ నావికుల సంగతే చూడండి. 1971లో విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ వైపు వెళ్లిపోయాక కూడా అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించడానికి మన నౌకాదళం వైర్‌లెస్ సందేశాలు నడిపింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3–4 రాత్రి విశాఖ తీరం దగ్గర మునిగింది. అప్పట్లో నోరు మెదపకూడని ఆ సంగతికి ఇప్పుడు బీచ్ రోడ్డులో స్మారకమే ఉంది. అయినా దాన్ని ఇంకా దాచుకునే నావికుడు ఇంట్లో ఉండొచ్చు. రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం ప్రకారం యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలి. అన్నీ బయటికి రావు, 1962 యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక నేటికీ రహస్యమే. ఆయన భయం దేని గురించో తెలిస్తే, బయటికొచ్చిన విషయమైతే చూపించండి. స్మారకం ముందు నిలబడ్డాక దానంతటదే మాట కదులుతుంది.

మూడోదే అసలైంది. పక్కన పడిపోయిన స్నేహితుడు, తన చేతిలో పోయిన ప్రాణం, భయంతో కాళ్లు ఆడని క్షణం, ఇంటికి రాసిన ఉత్తరంలో ఆడిన అబద్ధం. చట్టం అడ్డురాని ఈ సంగతులు బయటికి రావడమే అన్నిటికంటే కష్టం. కింద చెప్పేదంతా ఎక్కువగా వీటి కోసమే.

పెట్టెతో మొదలుపెట్టండి

మనిషిని అడిగేముందు వస్తువును అడగాలి. పచ్చరంగో నల్లరంగో వేసిన ఇనప ట్రంకు, మూత మీద తెల్లరంగుతో రాసిన నంబరు, పేరు. అటక మీద నుంచి దించేది తాతయ్య చెప్పాకే. ఆయన లేనప్పుడు తెరిస్తే ఆ పెట్టెకు కొత్త తాళం పడుతుంది, మళ్లీ తెరుచుకోదు.

అందులో డిశ్చార్జి పుస్తకం ఉంటుంది. నంబరు, ర్యాంకు, ట్రేడు (చేసిన పని), చేరిన తేదీ, వదిలిన తేదీ, మెడల్స్ వివరం అందులో దొరుకుతాయి. ర్యాంకును దాని పేరుతోనే పిలవండి. కాల్బలంలో సిపాయి అయినవాడు ఇంజనీర్లలో సాపర్, ఫిరంగి దళంలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్, యంత్రాల మరమ్మతు దళం ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మ్యాన్. "సిపాయివా తాతా?" అని గన్నర్‌ను అడిగితే ఆ పూట పాఠం అక్కడే ఆగుతుంది, దిద్దడంతోనే గంట గడిచిపోతుంది. అదీ మంచిదే అనుకోండి.

మెడల్స్ దగ్గర ఇళ్లలో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ఛాతీ మీద వేలాడే ప్రతిదీ సాహస పతకం అనుకుంటారు. 1972లో ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 9 ఏళ్ల, 20 ఏళ్ల దీర్ఘసేవా మెడల్స్ యుద్ధం చూడనివాళ్లకూ వచ్చాయి. యుద్ధ జాడ కావాలంటే వీటి కోసం చూడండి: 1965కు సమర్ సేవా స్టార్. 1971కి తూర్పు రంగంలో పూర్వీ స్టార్, పడమటి రంగంలో పశ్చిమీ స్టార్. ముత్తాత కాలందైతే రెండో ప్రపంచ యుద్ధపు బర్మా స్టార్ దొరకొచ్చు. చాలావాటికి అంచు మీద గానీ వెనక గానీ నంబరూ పేరూ చెక్కి ఉంటాయి, భూతద్దంతో మనవడి చేత చదివించండి. "ఇది ధైర్యానికిచ్చారా?" అని మాత్రం అడగొద్దు. కాదని చెప్పాల్సి రావడం ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. "ఇది ఎక్కడిది?" అంటే సరిపోతుంది.

శుభ్రం చేసే ఉత్సాహం ఇంట్లో ఆడవాళ్లకు వస్తుంది. చింతపండు, బూడిద, ఇత్తడి పాలిష్ ఏదీ తగలనివ్వకండి. మెరుపు వస్తుంది గానీ చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి నూలుబట్టతో తుడిస్తే చాలు. రిబ్బన్ ఉతకొద్దు, రంగు కారుతుంది.

తర్వాత ఉత్తరాలు. ఫీల్డులో ఉన్న సిపాయి చిరునామాలో ఊరు పేరుండదు. యూనిట్ పేరు, ఆ కింద "కేరాఫ్ 56 ఏపీవో" లేదా "కేరాఫ్ 99 ఏపీవో" ఉంటుంది (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు). 99 తూర్పు వైపుది, 56 ఉత్తర, పడమర వైపులది. తాతయ్య "గుర్తులేదు" అన్నా 1971 నవంబరు ఇన్‌లాండ్ లెటర్ మీద 99 ఉంటే ఆయన తూర్పు వైపు ఉన్నాడని ఆ చిరునామాయే చెప్తుంది.

మడతల్లో చిరుగుతున్న ఉత్తరాన్ని లాగి తెరవొద్దు. మెల్లగా విప్పి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచి రెండు రోజులు వదిలేయండి. తర్వాత 600 డీపీఐలో స్కాన్ చేయండి. స్కానర్ లేకపోతే ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను పైనుంచి నిటారుగా పట్టుకుని ఫొటో తీయండి. లామినేషన్ మాత్రం వద్దు. వేడికి సిరా మారుతుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, కాగితం లోపలే పాడవుతుంది. మన వాతావరణంలో పాలిథిన్ కవర్లో కూడా చెమట పట్టి బూజు వస్తుంది. కాగితపు కవర్లలో పెట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, పెట్టెను గోడకూ నేలకూ ఆనకుండా రెండు ఇటుకల మీద ఉంచితే చెదలకు దారి తగ్గుతుంది. ఫొటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ గీత ఇవతలికి ఉబ్బుతుంది.

డిశ్చార్జి పుస్తకం పోయి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, వాళ్లు సంబంధిత రికార్డ్ ఆఫీసుకు దారి చూపిస్తారు. మద్రాస్ రెజిమెంట్ రికార్డులు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లవి బెంగళూరులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, ఫిరంగి దళానివి నాసిక్ రోడ్‌లో, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి దళం) వాళ్లవి సికింద్రాబాద్‌లోనే ఉంటాయి. దరఖాస్తు తాతయ్య సంతకంతో వెళ్లాలి. పింఛను పత్రం నకలు జతచేయండి, ఆర్మీ నంబరు లేని ఉత్తరం ఏ బల్లా దాటదు.

కూర్చునే చోటు, ఫోను, ఫ్యాను

పొద్దున టిఫిన్ అయ్యాక, 11 లోపు మంచి సమయం. సాయంత్రం వద్దు, తవ్విన జ్ఞాపకం రాత్రి నిద్రలోకి వస్తుంది. ఒక్కో విడత 40 నిమిషాలు. బాగా చెప్తున్నాడని రెండు గంటలు లాగితే మర్నాడు మాట్లాడడు.

ఎదురెదురుగా కుర్చీలు వేస్తే విచారణలా ఉంటుంది. మంచం మీద పక్కపక్కన, మధ్యలో ఉత్తరాలో చిక్కుళ్లో పెట్టుకోండి. చేతులకు పనుంటే చూపులు కలపాల్సిన అవసరం ఉండదు. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లకు సాధారణంగా ఒక చెవి ఎక్కువ దెబ్బతిని ఉంటుంది. ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటాడో గమనించి ఆ వైపున కూర్చోండి. "వినిపించడం లేదు" అని చెప్పుకోలేక తలూపే తాతలు ఎందరో.

రికార్డింగుకు ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కాల్ వచ్చినప్పుడు చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగినట్టు తెలియదు కూడా. వేవ్ ఫార్మాట్, మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ ఎంచుకుంటే గంటకు సుమారు 320 ఎంబీ పడుతుంది. ఫోన్‌ను మడిచిన తువ్వాలు మీద పెట్టండి, చెక్కబల్ల మీద పెడితే కాఫీ గ్లాసు దించినప్పుడల్లా బాంబు పడ్డట్టు వినిపిస్తుంది. కాలర్ మైకు ఉంటే గడ్డానికి జానెడు కింద తగిలించి, భుజం మీద కండువా తీయించండి, దాని రాపిడి మాటను మింగేస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపాలి. ఉక్కపోస్తే టేబుల్ ఫ్యానును దూరంగా, మైకు వెనక నుంచి పెట్టుకోవచ్చు. కుక్కర్ కూతలకు ముందే నాయనమ్మతో ఒప్పందం చేసుకోండి. మొదట 30 సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో విని, అప్పుడు మొదలుపెట్టండి.

ఆపే బటన్ తాతయ్య చేతికి ఇవ్వండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో చూపించి, ఒకసారి ఆయన చేతే నొక్కించండి. ఇన్ని ఏర్పాట్లలో ఎక్కువ పనిచేసేది ఇదే.

ఏం అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి

"ఎవరినైనా చంపావా?" అనేది పిల్లలు మొదట అడిగే ప్రశ్న. పదేళ్లవాడికి ముందే చెప్పి ఉంచండి, అది తాతయ్య తనంతట తాను చెప్తే వినేది, మనం అడిగేది కాదని. "భయం వేసిందా?" కూడా దాని చుట్టమే, ఆ ప్రశ్నకు "లేదు" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు.

శరీరానికి గుర్తుండేవి అడగండి. చలికి ఏం కప్పుకున్నారు? బూట్లు ఎన్ని రోజులకు విప్పారు? రొట్టె తిని తిని అన్నం మొదట ఎక్కడ దొరికింది? హిందీ ఎవరు నేర్పారు? లంగరులో (మిలటరీ వంటశాలలో) పప్పు ఎలా ఉండేది? ఇంటి ఉత్తరం ఎవరు చదివిపెట్టేవారు? ఇలాంటి వరసలో మాట ఎలా మలుపు తిరుగుతుందో చూడండి:

"తాతా, ఆ రాత్రి ఏం తిన్నారు?"
"పూరీలు. పొద్దున కట్టిచ్చినవి. చల్లారిపోయి అట్టల్లా ఉన్నాయి."
"నువ్వొక్కడివే తిన్నావా?"
"లేదురా. నావి రెండు, వాడివి రెండు... వాడివి మిగిలిపోయాయి."

ఇక్కడ ఆగాలి. "వాడంటే ఎవరు? ఏమైంది?" అని వెంటనే పడితే తలుపు మూసుకుంటుంది. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. పది చాలా పొడుగ్గా ఉంటుంది, అయినా లెక్కపెట్టండి. ఆయన మాట్లాడకపోతే ఆయన చివర అన్న మాటనే మెల్లగా తిరిగి అనండి: "మిగిలిపోయాయి." అంతే. చెప్పదలుచుకుంటే చెప్తాడు, లేకపోతే పూరీల సంగతికి వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి. ఆ "వాడు" మళ్లీ వారానికో నెలకో వస్తాడు, అప్పుడు పేరుతో వస్తాడు.

మధ్యలో నాన్న వచ్చి "అదేంటి, మాకు చెప్పినప్పుడు సియాల్‌కోట్ అన్నావుగా" అని దిద్దడం మరో ప్రమాదం. వినేవాళ్లు ఒక్కరే ఉండాలి. నాయనమ్మకు సగం తెలిసి ఉంటుంది, కానీ ఆవిడ చేత ముందే చెప్పించుకుని తాతయ్యను పరీక్షించడం మోసం.

మిలటరీ హిందీని తెలుగులోకి మార్చకండి. పల్టన్, ఛుట్టీ, సాబ్, బంకర్, మోర్చా ఎలా అంటే అలా రాసి, పక్కన అర్థం చేర్చండి. మోర్చా అన్న మాటలో ఉన్న మట్టి "కందకం" అంటే పోతుంది.

చేతికి గుర్తున్నది నోటికి రాకపోతే

సిగ్నల్స్‌లో, నౌకాదళం వైర్‌లెస్‌లో పనిచేసిన తాతలకు మోర్స్, అంటే చుక్కలు గీతల చప్పుళ్లతో సందేశం పంపే సంకేత భాష, వేళ్లలో ఉంటుంది. ఒక ఆదివారం ఇది చేసి చూడండి. కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్, 3–24 వోల్టుల యాక్టివ్ బజర్, నొక్కితే కలిసే స్విచ్, జానెడు వైరు, చిన్న చెక్క. బ్యాటరీ ఎర్ర తీగ స్విచ్ ఒక కాలికి, స్విచ్ రెండో కాలు బజర్ ఎర్ర తీగకు, బజర్ నల్ల తీగ బ్యాటరీ నల్ల తీగకు. అతుకుల మీద ఇన్సులేషన్ టేపు. నొక్కితే టిక్కుమని ఊరుకుంటే షాపువాడు పాసివ్ బజర్ ఇచ్చాడన్నమాట, మార్చుకోండి. అసలు పలకకపోతే ఎరుపు నలుపు తారుమారయ్యాయి.

కొలత ఇది: గీత మూడు చుక్కలంత పొడవు. అక్షరంలో చుక్కకూ గీతకూ మధ్య ఒక చుక్క విరామం, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. మనవడు ముందే తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నేర్చుకుని తప్పుల్తడకగా కొట్టాలి. తప్పుగా కొడితేనే తాతయ్య చెయ్యి ముందుకొస్తుంది.

ఒక చిక్కు: చాలా బజర్ల కీచు 3 కిలోహెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది. వయసు మీదపడ్డ చెవి, అందులోనూ పేలుళ్లు విన్న చెవి బాగా నష్టపోయేది ఆ భాగంలోనే. ఆయన ముఖంలో ఏ కదలికా లేకపోతే మోర్స్ మరిచిపోయాడని అనుకోకండి, వినపడలేదు. ఫోన్‌లో మోర్స్ యాప్ పెట్టి స్వరాన్ని 600 హెర్ట్జ్‌కు దించండి.

ఫిరంగి దళమైతే కొలతలు, డ్రైవరైతే పాత లారీ గేర్లు, వంటవాడైతే వందమందికి పప్పు లెక్క. ఏ ట్రేడుకు ఆ పని.

జ్ఞాపకాన్ని తేదీలతో సరిచూడటం

యాభై ఏళ్ల తర్వాత రెండు రాత్రులు ఒకటిగా కలిసిపోతాయి, ఇతరులు చెప్పినది తాను చూసినట్టే గుర్తుంటుంది. అబద్ధం అనకండి, ఎదురుగా దిద్దకండి. వేరే కాగితం మీద సరిచూసుకోండి.

పంచాంగం బాగా పనికొస్తుంది. 1971 యుద్ధం డిసెంబరు 3 సాయంత్రం మొదలైంది, ముందు రోజే మార్గశిర పౌర్ణమి. ఢాకాలో లొంగుబాటు 16న, మర్నాడు అమావాస్య. కాబట్టి "వెన్నెల్లో మా నీడలు కనిపిస్తాయని పాకుతూ వెళ్లాం" అంటే అది మొదటి వారం. "చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు" అంటే చివరి రోజులు. 1962 చైనా యుద్ధం అక్టోబరు 20 నుంచి నవంబరు 21 దాకా, 1965లో కాల్పుల విరమణ సెప్టెంబరు 23న. పంట ఏ దశలో ఉంది, ఇంట్లో అప్పుడు ఏ పండగ, ఎవరు పుట్టారు అని అడిగితే తేదీ దగ్గరికొస్తుంది. ఊళ్ల పేర్లు ఆయన పలికినట్టే రాసి తర్వాత మ్యాపులో వెతకండి: హిల్లి, అఖౌరా, జెస్సోర్, ఛంబ్, షకర్‌గఢ్.

బరువైన మాట బయటికొచ్చిన రోజు

చెమటలు, చేతుల వణుకు, ఒకే వాక్యం మళ్లీ మళ్లీ అనడం, చూపు గోడ మీద నిలిచిపోవడం కనిపిస్తే రికార్డింగ్ ఆపి, భుజం మీద చెయ్యి వేసి, ఈ రోజుకు తీసుకురండి. "తాతా, ఇది మన పెరడు, నేను ఉన్నాను, మంచినీళ్లు తాగు." "నీ తప్పేం లేదులే" అని తొందరపడి తీర్పు చెప్పకండి. అది ఆయన వెయ్యిసార్లు తనకు తాను చెప్పుకున్నదే. "చెప్పావు కదా తాతా, విన్నాను" అన్నది చాలు. ఆ రోజు అన్నం కలిసి తినండి, సాయంత్రం మామూలు నడక మానొద్దు. టపాసులు మోగే దీపావళి వారంలో ఈ పని అసలు పెట్టుకోవద్దు.

నిద్ర రెండు వారాలుగా పట్టకపోయినా, రాత్రిళ్లు లేచి తలుపులు తనిఖీ చేస్తున్నా, చావు మాటలు వచ్చినా డాక్టరుకు చూపించాలి. మాజీ సైనికులకు వాళ్ల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద పాలిక్లినిక్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులో మాట్లాడతారు. చావు మాటలకైతే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చేయండి.

ఇంత బరువు పన్నెండేళ్లలోపు పిల్లాడి మీద పడకూడదు. వాడికి మెడల్స్, ఉత్తరాలు, మోర్స్ వరకే. చావుల దాకా మాట వెళ్లేట్టుంటే ఇంకో పెద్ద మనవడో మనవరాలో కూర్చోవాలి.

ఎవరు వినొచ్చు

ప్రతి విడత చివర ఒక కాగితం మీద తేదీ వేసి, మూడింట్లో ఒకటి ఆయన చేత టిక్కు పెట్టించండి: మనిద్దరికే, ఇంటివాళ్లకు, ఎవరైనా. "మనిద్దరికే" అన్నది కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఒక్కసారి వెళ్లినా ఆయన మళ్లీ నోరు విప్పడు. చనిపోయిన తోటి సైనికుడి సంగతైతే ఆ కుటుంబానికి తెలిసి ఉంటుందా అని కూడా అడగండి. వాళ్లకు "వెంటనే పోయాడు, బాధపడలేదు" అని చెప్పి ఉండొచ్చు. మన యూట్యూబ్ వీడియోతో ఆ మాట చెరిపే హక్కు మనకు లేదు.

ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి: 2025-01-19, తాతయ్య, 03, ఉత్తరాలు. ఒక కాపీ ఫోన్‌లో కాకుండా హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్లోని అత్త ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్‌ను ఏడాదికోసారి తెరిచి చూడాలి, చార్జ్ లేక పడున్నవి చదవకుండా పోతుంటాయి. "మనిద్దరికే" అన్నవి విడి పెన్‌డ్రైవ్‌లో వేసి, కవరు అంటించి, ఎప్పుడు ఎవరు తెరవాలో పైన తాతయ్య చేతిరాతతోనే రాయించి, ఆ ట్రంకులోనే పెట్టి, తాళం చెవి ఆయనకే ఇచ్చేయండి.